నిరవధిక సెలవు

మా నాన్న సెలవుచీటీ రాసింది నేనే. ఆయన ఉద్యోగానికి ఎసరు పెట్టిందీ నేనే.

నాన్న పందొమ్మిదేళ్లుగా ఒక పెద్ద లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలరు మిషను దగ్గర పని చేస్తున్నాడు. తడి దుప్పటి ఒక కొస ఆయన, రెండో కొస ఆయన జోడీ పట్టుకుని, ముడత పడకుండా బిగలాగి రోలరుకి అందించాలి. ఆ జోడీని నేను పొడుగు మామయ్య అంటాను. ఈమధ్య తడి గచ్చు మీద జారి నాన్న కుడి మణికట్టు విరిగింది. ఎన్నాళ్లు పడుతుందని అడిగితే డాక్టరు, "ఇప్పుడే చెప్పలేమమ్మా, చూద్దాం" అన్నాడు.

సెలవుచీటీలో "ఎప్పటి నుంచి", "ఎప్పటి వరకు" అని రెండు గళ్లున్నాయి. మొదటిది నింపాను. రెండో దాని దగ్గర పెన్ను ఆగిపోయింది. తెలియని తారీఖు ఎలా వేస్తాను? మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. అర్జీ అన్నాక ఒక్క పెద్ద మాటైనా ఉండాలని నా నమ్మకం. పేపర్లో చదివిన మాట గుర్తొచ్చింది. సభ నిరవధికంగా వాయిదా, కాలేజీలకు నిరవధిక సెలవులు. గడి నిండా "నిరవధిక సెలవు" అని గుండ్రంగా రాశాను.

"అంటే ఏంటే?" అంది అమ్మ.

"అవధి లేనిది. ఇన్నాళ్లని హద్దు చెప్పలేనిది."

"బరువుగా ఉంది, బాగుంది" అని నాన్న ఎడమచేతి వేలిముద్ర వేశాడు.

రెండు వారాలు తిరక్కుండానే ఒక మధ్యాహ్నం పొడుగు మామయ్య వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"బావా, నీ కొస కొత్తవాడు పట్టుకుంటున్నాడు. పర్మినెంటు చేస్తారట."

"అదేంటి? నేను సెలవులో ఉన్నాగా!"

"సెలవుకి చివర రాయలేదట. తిరిగొచ్చే ఉద్దేశం లేదనుకుంటున్నారు. రేపు అయిదింటి లోపల వెళ్లి కనపడు."

నాన్న నన్ను పల్లెత్తు మాట అనలేదు. అందుకే ఇంకా భయమేసింది. ఆ లోటు అమ్మ తీర్చింది. "పదిహేనేళ్లు చదివావు. 'నయమయ్యే దాకా' అని రాయడానికి చెయ్యి రాలేదూ?"

మర్నాడు పొద్దున్నే డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఒక తారీఖు రాసివ్వమని బతిమాలాను. "ఎముక నా మాట వింటుందా తల్లీ?" అని, "విశ్రాంతి అవసరం" అని మాత్రం రాసిచ్చాడు. ఎన్నాళ్లో అందులోనూ లేదు.

అక్కడే సాయంత్రమైంది. నాలుగున్నరకి లాండ్రీలో హాజరు గుమాస్తా బల్ల ముందు నిలబడ్డాం. ఆయన ఫైల్లోంచి చీటీ తీసి, "ఎవరి రాతయ్యా ఇది?" అన్నాడు.

"నేనే చెప్పి రాయించాను సార్" అన్నాడు నాన్న చప్పున.

"కాదు సార్, నేనే రాశాను. తారీఖు తెలియక, తెలియదని అలా రాశాను."

"నిరవధిక సెలవు కాలేజీలకమ్మా. కాలేజీ ఎన్నాళ్లు మూసినా పిల్లల బదులు వేరే పిల్లల్ని తేరమ్మా. ఇక్కడ రెండో కొస పట్టుకునేవాడు లేకపోతే మిషను ఆగిపోద్ది. తారీఖు చెప్పు, అప్పటిదాకా వాణ్ణి తాత్కాలికంగా ఉంచుతా. లేదంటే..." అని గోడ గడియారం వైపు చూశాడు. పావుతక్కువ అయిదు.

నాన్న కట్టు చెయ్యి బల్ల మీద పెట్టాడు. బయటికున్న వేళ్లు వాచి ఉన్నాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ చీటీ అంచు పట్టుకోబోయాడు. జారింది. మళ్లీ పట్టుకున్నాడు.

"వచ్చే నెల ఇరవయ్యో తారీఖు" అన్నాడు.

"నాన్నా! డాక్టరే చెప్పలేనిది నువ్వెలా చెప్తావు?"

"ఆయనకి ఎముక తెలుసు. నాకు దుప్పటి తెలుసు. రాయి."

"ఆ రోజుకి రాకపోతే ఇంకో చీటీ తీసుకోను" అన్నాడు గుమాస్తా.

నేను గుండ్రంగా రాసిన మాట కొట్టేసి తారీఖు వేశాను. ఇరవైలో సున్నా వంకరపోయింది. గుమాస్తా ముద్ర కొట్టాడు.

ఇవాళ ఆ నెల పన్నెండో తారీఖు. కట్టు విప్పి నాలుగు రోజులైంది. మణికట్టు సన్నగా, పాలిపోయి, వేరే ఎవరిదోలా ఉంది. పొద్దున అమ్మ దుప్పటి తడిపి తెచ్చింది. ఒక కొస నాన్న పట్టుకున్నాడు, రెండోది నేను. మెల్లిగా లాగాను. ఆయన చేతిలోంచి కొస జారి నేల మీద పడింది.

"మళ్లీ" అన్నాడు.

ఈసారి ఇంకా మెల్లిగా లాగాను. నాన్నకి కోపమొచ్చింది.

"ముద్దుచేస్తున్నావా? పొడుగోడు ఇలా లాగుతాడా? గట్టిగా లాగు."

ఆయన కళ్లలోకి చూడకుండా, కొస పిడికిట చుట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి లాగాను.