కుచ్చిళ్ల కొండ, ఇత్తడి మెట్లు

ఆయన చేసిన రైలు పట్టాలు తప్పిందని చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు. ఇంజను మీద అంచుదాకా నీళ్లు పోసిన గ్లాసు పెట్టి పెరడంతా ఒక చుట్టు తిప్పితే చుక్క ఒలకలేదు సరికదా, వెళ్లేటప్పటికంటే వచ్చేటప్పుడు ఓ గుక్క ఎక్కువే ఉన్నాయి. పెట్టె మీద వాలిన పిచ్చుక, రైలు ఆగిపోయినా ఇంకా నడుస్తూనే ఉందనుకుని దిగడం మరిచిపోయింది. అంత నున్నటి నడక.

ఆయన్ని అందరూ మైక్రాన్ అంటారు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వర్క్‌షాపులో లేత్ మిషను మీద జీవితమంతా ఇనుము తిప్పి రిటైరైన మనిషి. టీలో చెంచాడు పంచదార వెయ్యమంటే, తలగొట్టిన చెంచానా, కుప్ప చెంచానా అని అడిగే రకం. పని మానేశాక ఆ కొలతల పిచ్చి బొమ్మ రైళ్ల మీదికి మళ్లింది. కొన్న రైలు ఆయన కంటికి ఆనదు. నూనె డబ్బాల రేకు కత్తిరించి పెట్టెలు, పాత కారు వైపరు మోటారుతో ఇంజను, ఇనప కడ్డీ తిప్పి చక్రాలు, ఆఫీసు ఫైళ్ల ప్లాస్టిక్ అట్టతో కిటికీ అద్దాలు. మేకు దగ్గర్నుంచి మెరుగు దాకా అంతా సొంత చెయ్యే.

అయితే ఆయన ఉండేది మేడ మీద రెండు గదుల్లో. పట్టాలు వెయ్యడానికి చోటు లేదు. వరండాలో పొడుగాటి చెక్క మీద రెండు పట్టాలు బిగించుకుని, దాని మీదే ముందుకీ వెనక్కీ తోసి చూసుకుంటాడు. అసలు రైలు దారి ఉన్నది బావగారి పెరట్లో.

బావ అంటే అక్క మొగుడు. దర్జీ. టేపు మెడలో వేసుకుంటాడే గానీ దానికి పని చెప్పడు. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, చొక్కా కొలతలు కంటితోనే తీసేస్తాడు. అదే కంటితో టమాటా మొక్కల పక్కన స్టేషను, నిమ్మచెట్టు చుట్టూ మలుపు, మలుపు దాటగానే ఒక కొండా, దానికో సొరంగమూ కట్టాడు. ఆ కొండ కట్టిన తీరు మరెవరికీ రాదు. ఇనప వలని వంచి నిలబెట్టి, పాత గోనె గుడ్డని సిమెంటు నీళ్లలో ముంచి, లంగాకి కుచ్చిళ్లు పెట్టినట్టు మడతలు పెట్టి వల మీద పరిచాడు. ఆరాక ఆ మడతలే రాతి పొరలయ్యాయి. వానలకి నాచు పట్టింది. ఆదివారం పొద్దున్నే రైళ్లు పట్టుకొచ్చే స్నేహితులు ముందు ఆ కొండనే చూసేవారు. "నా కుచ్చిళ్ల కొండ" అనేవాడు బావ, ఆడపిల్లని చూపించినట్టు.

ఆ ఆదివారం మైక్రాన్ కొత్త పెట్టె తెచ్చాడు. పొడుగాటిది. తలుపుల కింద ప్రయాణికులు ఎక్కడానికి ఇత్తడి మెట్లు అతికించాడు. వాటిని తోమి తోమి ముక్కుపుల్లలా మెరిపించాడు. పళ్ల డాక్టరు భూతద్దం పెట్టి చూసి, "ఇంత సన్నపని నా పళ్లకి కూడా చెయ్యలేనండీ" అన్నాడు. రిటైరైన బస్సు కండక్టరు ఈల వేశాడు. రైలు కదిలింది.

నిమ్మచెట్టు మలుపులో టక్‌మంది. కొత్త పెట్టె ఒరిగి, సొరంగం మూతికి భుజం రాసుకుంటూ వెళ్లి పడింది. మళ్లీ నిలబెట్టారు. మళ్లీ పడింది.

మొదట్లో గ్లాసు గురించి ఏదో అన్నాను కదా, దాన్ని ఇక్కడే దించేసుకుందాం. ఆ గ్లాసు ఖాళీది. అదీ పడింది. పిచ్చుక ముందే ఎగిరిపోయింది, అది తెలివైనది.

మైక్రాన్ వంగి చూశాడు. సొరంగం మూతికి తన పెట్టె ఎర్రరంగు అంటుకుని ఉంది. ఇంకేం కావాలి!

"బావా, ఇది సొరంగమా, చొక్కా కాజానా? బొత్తాం పట్టేంత కూడా లేదు!"

"ఇన్నాళ్లూ అన్నీ పట్టాయిగా?" అన్నాడు బావ.

"ఇన్నాళ్లూ పొట్టివి కాబట్టి పట్టాయి. కంటితో కొలిస్తే ఇంతే మరి. గుడ్డైతే పిగిలితే అతుకేస్తావు. రైలుకి అతుకు పడదు బావా!"

కండక్టరు పగలబడి నవ్వాడు. బావ కూడా నవ్వబోయాడు గానీ నవ్వు సగంలో ఆగిపోయింది. మెడలో టేపుని వేలికి చుట్టుకుంటూ, "చూస్తాలే" అన్నాడు.

మైక్రాన్ ఇంటికొచ్చి, గీసుకుపోయిన రంగు దిద్దుదామని పెట్టెని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. పెట్టె కింద ముందొకటీ వెనకొకటీ చక్రాల జతలు బిగించి ఉంటాయి. మలుపు వచ్చినప్పుడు అవి తలకాయ తిప్పినట్టు తిరగాలి. రంగు ఆరేలోగా ఊరికే వేలితో ముందు జతని తోశాడు. కొంచెం తిరిగి టక్‌మని ఆగింది. వెనక జతని తోశాడు. అదీ టక్‌మంది.

ఇత్తడి మెట్టు. అందం కోసం కాస్త పొడుగ్గా దించిన ఇత్తడి మెట్టు, చక్రానికి అడ్డం పడుతోంది. వరండాలో చెక్క మీద మలుపెక్కడిది? అక్కడ పెట్టె ఏనాడూ తల తిప్పలేదు. పెరట్లో తిప్పాలనుకుంది, తిప్పలేక పడింది, పడుతూ కొండకి రాసుకుంది. కొండ ఏ పాపమూ ఎరగదు.

చెప్పులు వేసుకుని గబగబా బావ ఇంటికి బయల్దేరాడు. దారంతా మాట కూర్చుకున్నాడు: "బావా, తప్పు నాది." చిన్న మాటే. గోరంత. కానీ పెరటి తలుపు తీసేసరికి ఆ గోరంత గొంతులో కొండంతయింది.

కొండ లేదు. బావ సుత్తీ ఉలీ పట్టుకుని కూర్చున్నాడు. కుచ్చిళ్లన్నీ ముక్కలై టమాటా పాదులో పడి ఉన్నాయి.

"రావోయ్ బావమరిదీ! నువ్వన్నది నిజమే. ఇరుకే. బెత్తెడు వెడల్పు చేస్తున్నా. ముందే చెప్పొద్దూ?"

మైక్రాన్ నోరు తెరిచాడు. బయటికొచ్చిన మాట మాత్రం ఇది: "సిమెంటు పల్చనైనట్టుంది, చూసుకో."

ఇంటికి పోయి తలుపేసుకుని ఇత్తడి మెట్లని ఆకురాయితో కురచగా అరగదీశాడు. ఎవరికీ తెలియదు. ఆకురాయికి తెలుసు, దానికి నోరు లేదు.

తర్వాతి ఆదివారం పెట్టె పెద్దమనిషిలా మలుపు తిరిగి సొరంగంలో దూరింది. అందరూ చప్పట్లు కొట్టారు. "మైక్రాన్ అంటే మైక్రానే! జబ్బెక్కడో ఇట్టే పట్టేశాడు!" అన్నాడు కండక్టరు. బావ కూడా చప్పట్లు కొట్టాడు. కొత్త కొండ బోడిగుండులా ఉంది. గోనె మడతలు లేవు, నాచు లేదు. మైక్రాన్ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

లోపలికి వెళ్తే అక్క పట్టుకుంది. "ఒరేయ్, మీ బావకి ఏం మందు పెట్టావురా?"

"నేనేం చేశానక్కా?"

"దిండు గలీబు కుట్టమన్నాను. టేపు పెట్టి కొలిచారు. మళ్లీ కొలిచారు. గలీబుకి కొలతేంటండీ అంటే, నా కన్ను పోయిందే, మీ తమ్ముడు కనిపెట్టాడు అన్నారు. కొట్లో చొక్కాలు కుర్రవాళ్లనే కత్తిరించమంటున్నారట. పట్టాలు కూడా నిన్నే చూసుకోమన్నారు, చెప్పారా?"

"చెప్పలేదు."

"చెప్తారులే. నీ మాట ఆయనకి వేదమైపోయిందిగా!"

మైక్రాన్ ఆ టీ తాగలేదు. తన పరువు నిలబడడానికి బావ కన్ను తీసేశాడు. నలుగురిలో తీసిన కన్ను, నలుగురిలోనే తిరిగివ్వాలి. చాటుగా చెవిలో చెబితే, ఓదార్పుకి అబద్ధమాడుతున్నాడనుకుంటాడు బావ. అనుకునే రకమే.

ఆ వారం అంతా కూర్చుని మెట్లు మళ్లీ చేశాడు. మొదట ఉన్నంత పొడుగూ, అదే మెరుపూ.

ఆదివారం అందరూ వచ్చాక, "ఇవాళ నేనే నడుపుతా" అన్నాడు. బావ స్టూలు మీద ఓ పక్కగా, వచ్చిన చుట్టంలా కూర్చుని ఉన్నాడు. రైలు కదిలింది. నిమ్మచెట్టు మలుపులో టక్‌మంది. పెట్టె పడింది. ఈసారి సొరంగం గోడకి బెత్తెడు ఇవతలే పడింది. రాసుకోవడానికి కొండ అందనే లేదు.

"అదేంటి, మొన్న వెళ్లిందిగా?" అన్నాడు డాక్టరు.

మైక్రాన్ పెట్టెని ఎత్తి, వెల్లకిలా తిప్పి, అందరికీ కనిపించేలా చక్రాల జతని వేలితో తోశాడు. టక్.

"ఈ మెట్టు అడ్డం. మొదట్నుంచీ ఇదే అడ్డం. మొన్న వెళ్లింది నేను అరగదీసుకొచ్చాను కాబట్టి. సొరంగం ఇరుకు కాదు. ఎప్పుడూ కాదు. బావ కంటికొలత సరిగ్గానే ఉంది, కొలత తప్పింది నాదే."

ఎవరూ నవ్వలేదు. కండక్టరు కూడా ఈలని జేబులో వేసుకుని నేల చూశాడు.

బావ లేచి వచ్చాడు. పెట్టె తీసుకుని తనే ఓసారి చక్రాన్ని తోసి చూశాడు. "ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు పగలగొట్టిన రోజే. చెబుదామనే వచ్చాను."

"వచ్చి సిమెంటు పల్చనైందన్నావు."

"అన్నాను."

"పల్చన కాలేదు."

"కాలేదు బావా."

బావ ఆ బోడికొండ దగ్గరికి వెళ్లి దాని మీద చెయ్యి వేసి చూశాడు. మైక్రాన్‌కి భూమి బద్దలైతే దిగిపోవాలనిపించింది గానీ, ఆ భూమిలో టమాటా మొక్కలున్నాయి. చివరికి బావ, "గోనెసంచి పెరటి గదిలో ఉంది. తడిపి తీసుకురా" అన్నాడు.

తడిపి తెచ్చాడు. బావ మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు గానీ, ఈసారి నడిమధ్యన. మైక్రాన్ మోకాళ్ల మీద కూర్చుని, మోచేతుల దాకా సిమెంటు పూసుకుని, గోనె మడతలు పెట్టాడు.

"అది కుచ్చిళ్లా, గుడ్డ పీలికలా? విప్పు. మళ్లీ పెట్టు."

విప్పాడు. మళ్లీ పెట్టాడు.

"ఎడమకి జరుపు. ఇంకాస్త. చాలు, మొదట అక్కడే ఉండేది."

"టేపు తెమ్మంటావా?"

"నోరు మూసుకుని జరుపు."

అక్క వంటింటి కిటికీలోంచి, "ఒరేయ్, ఆ సిమెంటు చేతులతో నా గ్లాసు ముట్టుకున్నావంటే ఊరుకోను!" అని అరిచింది.

ఇక ఒక్కమాట ఒప్పుకోవాలి. ఇందులో గ్లాసూ పిచ్చుకా నావేనని మీకెలాగూ తెలుసు. ఎవరూ నవ్వలేదని రాశానే, అది కూడా నా కల్పనే. మనిషి మీద జాలేసి రాశాను. నిజానికి కండక్టరు కడుపు పట్టుకుని నవ్వాడు, డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు, అక్కైతే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బావ ఒక్కడే నవ్వలేదు. అది మాత్రం నేను కల్పించలేదు.