పగడపు దిబ్బకు ఎంతిస్తారు?

సముద్రంలో ఈతకొట్టే సరదాకు వెల కట్టడం నా ఉద్యోగం. చెబితే బంధువులంతా నవ్వుతారు, నవ్వనీ. ఒడ్డుకు దగ్గర్లో ఉన్న పగడపు దిబ్బను తవ్వి పెద్ద ఓడలకు దారి చెయ్యాలా వద్దా అని అధికారులు తేల్చుకోలేకపోతున్నారు. దిబ్బ చూడటానికి జనం ఎంత దూరం నుంచి, ఎంత ఖర్చుపెట్టుకుని వస్తున్నారో లెక్క తీస్తే దాని విలువ తెలుస్తుందని మా పద్ధతి. అందుకే ప్రశ్నల కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నాను. నా వంతుకొచ్చిన వీధిలో పెదనాన్న ఇల్లూ ఉంది.

రిటైరవగానే ఆయన నగరంలో సొంత ఫ్లాట్‌కు తాళం వేసి, ఇక్కడ రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. పొద్దున్నే నీటి కళ్లద్దాలు తగిలించుకుని దిబ్బ దగ్గర ఈదుతాడు. పెద్దమ్మకేమో నీళ్లంటే హడల్. నగరంలో ఎదురు ఫ్లాట్‌లోనే ఉండే చెల్లెల్ని వదిలొచ్చిన కోపం ఆవిడకు ఇంకా చల్లారలేదు. ఫ్లాట్ అమ్మి ఇక్కడే ఇల్లు కొనుక్కుందామని ఆయన, ఎప్పటికైనా వెనక్కి పోవాల్సిందేనని ఆవిడ.

"రోజూ అదే దిబ్బ కదా, ఏం చూస్తావు పెదనాన్నా?"

"నిన్నటి చేప ఇవాళ ఉందో లేదో చూసుకోవద్దూ?"

"సరే, అక్కడికి వెళ్లడానికి నీకయ్యే ఖర్చెంత?"

"చెప్పులు అరుగుతాయి, అంతే."

సున్నా వేశాను. వేశాక నాకే చిరాకేసింది. విమానమెక్కి వచ్చి ఒక్క పూట ఈదేసి వెళ్లిపోయేవాడికి పెద్ద అంకె, దీని కోసం కాపురమే మార్చుకున్న మనిషికి సున్నా! ఇదెక్కడి లెక్క? నా కుతూహలం ఊరుకోదు కదా, కాగితంలో లేని ప్రశ్న ఒకటి వేశాను.

"దిబ్బ పోతే మీరేం చేస్తారు?"

"మూటాముల్లె సర్దుకుని మా ఇంటికి పోతాం," వంటింట్లోంచి ఠక్కున అంది పెద్దమ్మ.

కూరలో ఉప్పు గురించి కూడా ఆవిడతో గంటసేపు వాదించే మనిషి, "అలాగే" అన్నాడు.

పెద్దమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "అలాగే ఏంటి? వాదించరేం?"

"ఇంక దేనికోసం వాదించను?"

ఆవిడ ఆయన మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. ఎటు చూడాలో తెలియక కాగితంలోని చివరి ప్రశ్న చదివాను. దిబ్బను కాపాడటానికి మీ కుటుంబం ఏడాదికి ఎంత ఇవ్వగలదు? పెదనాన్నకు తన పింఛను గుర్తొచ్చిందేమో, తల దించుకున్నాడు.

"ఆ ఫ్లాట్ అమ్మితే ఎంతొస్తుందో అంత రాయవే," అంది పెద్దమ్మ.

పరాచికాలాడుతోందేమో అనుకున్నాను. చూస్తే, కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"అది కాదు పెద్దమ్మా, ఏడాదేడాదికీ ఎంతివ్వగలరో చెప్పాలి."

"ఏడాదేడాదికీ ఇవ్వడానికి నాకింకో ఇల్లెక్కడిదే? ఒక్కసారికే రాసుకో."