వానరోజు హాజరు

నలభై ఒకటిలో ట్రైనింగు కాలేజీవాళ్ళు నాకిచ్చిన పరిశోధనాంశం “వర్షాలు, పల్లె బడుల్లో హాజరు”. వానొస్తే పిల్లలు బడికి రారని తేల్చడానికి పరిశోధన కూడా కావాలా అని బెజవాడలో మా అమ్మ విస్తళ్ళు కుడుతూ అడిగింది. లెక్క చూడకుండా దేన్నీ నమ్మకూడదని ఆవిడకు అరగంట చెప్పాను. నిజానికి నేను లెక్కలు చూడకముందే చివరి అధ్యాయం రాసేసుకున్నాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

కంకిపాడు, పామర్రు చుట్టుపక్కల ఆరు బడుల హాజరు లెక్కలు రాసుకొచ్చి, తాలూకా కచేరీ వాన లెక్కల పక్కన పెట్టాను. అయిదు బడులు బుద్ధిగా నా మాట విన్నాయి. ఆరోది, పామర్రు అవతల నేతపల్లె బడి, అడ్డం తిరిగింది. ఎండరోజున ఆరుగురో ఏడుగురో ఉంటే, జోరువాన రోజున ముప్ఫై ఆరుగురు! తారీకులు తిరగేశానేమోనని మూడుసార్లు సరిచూశాను. ముప్ఫై ఆరు ముప్ఫై ఆరులాగే ఉంది.

మా లెక్చరరు బసవపున్నయ్యగారికి అనుమానాలుండవు. “దొంగ హాజరోయ్. వానరోజున తనిఖీకి ఎవడూ రాడని ఆ పంతులు ఇష్టమొచ్చినట్టు వేసుకున్నాడు,” అన్నారు. అక్కడికక్కడే డిప్యూటీ ఇనస్పెక్టరుకు ఉత్తరం రాసి నా చేతికిచ్చారు. “వెళ్ళి చూడు. అనుమానం తీరకపోతే ఇది ఇచ్చేసి రా.” అది ఇస్తే పంతులి ఉద్యోగం ఊడినట్టే. నాకు ఆ ఉత్తరం జేబులో పెట్టుకోవడమే ఇష్టం లేకపోయింది.

శ్రావణమాసం అయినా ఆ ఉదయం ఎండ చురుక్కుమంటోంది. బస్సు దిగి పల్లెలోకి నడిస్తే వీధి పొడవునా నూలుపోగులు బారుగా లాగి కట్టి ఉన్నాయి. పెద్దవాళ్ళు వాటికి గంజి పట్టించి కుంచెలతో దువ్వుతున్నారు. పిల్లలు పక్కనే నిలబడి అతుక్కున్న పోగులు విడదీస్తున్నారు. నేను విసుక్కుంటూ వంగి ఆ నూలు కిందుగా దూరి వెళ్ళాను. బడి ఎక్కడని ఓ పదేళ్ళ పిల్లను అడిగితే, చేతులు రెండూ పనిలో ఉండటాన గడ్డంతో చూపించింది.

బడిలో వెంకటప్పయ్య పంతులుగారు, ఆరుగురు పిల్లలు ఉన్నారు. హాజరు పట్టీలోనూ ఆరే. నాకు మతి పోయింది. దొంగలెక్క రాసేవాడు ఇవాళ మాత్రం నిజం ఎందుకు రాసినట్టు?

“మిగతా పిల్లలేరండీ?”

“ఎండగా ఉంది కదండీ,” అన్నారాయన తేలిగ్గా.

“ఎండైతే బడికి రారా?”

“ఎలా వస్తారండీ?”

“మరి వానైతే వస్తారా?”

“వానైతే ఇంట్లో ఏం చేస్తారండీ?”

నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. ఒళ్ళు మండి, ఉత్తరం తీసి చూపించి, అందులో ఏముందో చెప్పేశాను. ఆయన పట్టీని రెండు చేతులా గుండెకు హత్తుకున్నారు.

“పద్నాలుగేళ్ళ సర్వీసు బాబూ. ఒక్క గీత అబద్ధం గీయలేదు. వాన పడేదాకా ఉండండి. మీ కళ్ళతో మీరే చూడండి.”

పరిశోధన చేయడానికి వచ్చినవాణ్ణి చాతకపక్షిలా ఆకాశం చూస్తూ కూర్చున్నాను. రెండింటికి మబ్బు కమ్మింది. వీధిలో కేకలు లేచాయి. “పడుగు ఎత్తండర్రా! తడిసిపోద్ది!” నూలంతా చుట్టబెట్టి లోపలికి మోసుకుపోయారు. చినుకులు జోరందుకునే లోపే పలకలు నెత్తిన పెట్టుకుని పిల్లలు బిలబిలమంటూ బడిలోకి వచ్చిపడ్డారు. లెక్కపెడితే ముప్ఫై నలుగురు! పొద్దున గడ్డంతో దారి చూపిన పిల్లా ఉంది.

తడి వీధిలో నూలుకు గంజి పట్టదు. నేలలో తవ్విన మగ్గం గుంటల్లో నీరూరుతుంది. ఇక పిల్లలకు పనేముంటుంది? ఇంత చిన్న సంగతి తలకెక్కనందుకు సిగ్గుతో చచ్చిపోయాను. పొద్దున ఆ జవాబు కిందుగానే వంగి వచ్చాను మరి.

ఉత్తరం అక్కడే చింపేశాను. వెంకటప్పయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఎవరికీ అందని సంగతి నాకు దొరికింది! వెంటనే పుస్తకం తెరిచి, సిఫార్సుల పేజీలో “నేతపల్లెలకు వానాకాలమే చదువులకాలం” అని పెద్దక్షరాలతో రాశాను. ఆ ఊపులోనే ఆ పిల్లను పిలిచాను.

“నీ పేరేంటమ్మా?”

“చౌడేశ్వరమ్మండి.”

“రోజూ వాన పడితే రోజూ బడికి రావచ్చు. బాగుంటుంది కదూ?”

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. “నిరుడు పదిరోజులు ఆగకుండా పడిందండి. రోజూ వచ్చాం. ఎక్కాలన్నీ వచ్చేశాయండి.”

“భేష్!”

“ఇంట్లో బియ్యం అయిపోయినయ్యండి. నూలుకు పెట్టాలని కాచిన గంజే తాగామండి.”

వెంకటప్పయ్యగారు తలెత్తలేదు. మధ్యాహ్నపు హాజరు పిలవడం మొదలుపెట్టారు. ఒక్కో పేరుకూ ఒక్కో గొంతు ‘ఉన్నానండీ’ అంటోంది. నేను రాసిన వాక్యం కొట్టేశాను. దాని కింద ఏం రాయాలో తోచలేదు. ఆ పేజీ అలాగే కాలేజీకి ఇచ్చాను, బసవపున్నయ్యగారి చేత తిట్లూ తిన్నాను.

ఆ సాయంత్రం మాత్రం వాన వెలిసేదాకా బడి గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. అది ఆగాలని కోరుకోవాలో, ఆగకూడదని కోరుకోవాలో నాకు తెలియలేదు.