పసుపు కలపని వెన్న

నేను ఒక ఇత్తడి భరిణెను. అరచేతిలో ఇమిడేంత ఉంటాను, మూతమీద తామరపువ్వు చెక్కి ఉంటుంది. మనుషులు తేలు కుడితే అరుస్తారు, పిడుగు పడితే చెవులు మూసుకుంటారు. మాకు ఆ సదుపాయం లేదు. ఎంత దెబ్బ తగిలినా మూత బిగించుకుని కూర్చోవలసిందే. నాకు శ్రీరామనవమినాడు, నట్టనడి పందిట్లో తగిలింది దెబ్బ. ఇప్పటికీ తేరుకోలేదు.

పుట్టింది అజ్జరంలో, ఒక కంచరి కొలిమి దగ్గర. ఆయన నన్ను తోమి, అటూ ఇటూ తిప్పి చూసి, "దీనిది లక్ష్మీకళరా" అన్నాడు. చేసిన ప్రతిదాన్నీ అలాగే అంటాడని తరవాత తెలిసింది కాని, నేను మాత్రం నమ్మేశాను. మొదట ఒక కరణంగారి భార్యకు కుంకుమ మోశాను. ఆవిడ పోయాక కోడళ్ళు నన్ను ఓ పాత గంగాళంతో కలిపి నరసరావుపేట పాతసామాన్ల కొట్లో తూకానికి వేశారు. లక్ష్మీకళను తూకానికి వేయడమేమిటని నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను, మూత ఎక్కడో దొర్లిపోయింది.

ఆ మూతను వెతికి మరీ నన్ను ఏరుకున్నవాడు సన్నాయి మీరయ్య. దూదేకుల మనిషి, పొద్దున్నే నమాజు చేసుకుంటాడు. అయినా ఆ పల్నాటి ఊళ్ళో సీతమ్మ మెడలో పుస్తె పడాలంటే మీరయ్య సన్నాయి పలకాల్సిందే. తాతలనాటి ఆనవాయితీ, ఎవరికీ అందులో వింత కనిపించదు. సన్నాయి వాయించేవాడికి పెదాలే ఆస్తి. గాలిని పట్టేవి అవే, స్వరాన్ని వంచేవి అవే. అందుకని మీరయ్య నాలో వెన్న పెట్టుకుని, వాయించే ముందూ తరవాతా పెదాలకు రాసుకునేవాడు. అయితే వెన్న పెట్టకముందే, వీధిలో "కళాయి పూస్తామమ్మా!" అని కేకేసేవాణ్ణి ఆపి నా కడుపులో కళాయి పూయించాడు. లోపల ఆ తగరపు పూత లేని ఇత్తడికి పులుపో, పెరుగో, వెన్నో తగిలితే పచ్చటి కిలుం పుడుతుందని, అది నోటికి మంచిది కాదని ఆ ఊళ్ళో బొమ్మల పెళ్ళి చేసుకునే పిల్లలకు కూడా తెలుసు. ఏటా నవమికి ముందు నాకు కొత్త కళాయి పడేది. లోపల వెండి, బయట బంగారం. గర్వం ఉండదా మరి!

మీరయ్య పోయాక సన్నాయితోబాటు నేనూ కొడుకు నాగూరు చేతికి వచ్చాను. తండ్రంటే నాగూరుకు ప్రాణం. ఆ ప్రాణమంతా నామీద చూపించాడు. వారం వారం చింతపండు పెట్టి లోపలా బయటా తళతళలాడేలా తోమేవాడు. "నాయన భరిణె" అంటూ భార్య సైదమ్మను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఈలోగా ఇంటింటా స్టీలు గిన్నెలు వచ్చి, కళాయి పూసేవాళ్ళు ఊళ్ళోకి రావడం మానేశారు. చింతపండు నా కడుపులోని తెల్లదనాన్ని ఎప్పుడు తినేసిందో నాగూరు గమనించలేదు. నేనూ గమనించలేదు. లోపల కూడా బంగారంలా మెరుస్తున్నానని మురిసిపోయాను.

యాభై దగ్గరపడుతుండగా నాగూరు పెదాలు ఎండిపోవడం మొదలైంది. మొదట పొరలు లేచాయి. ఆ తరవాత పగుళ్ళు, మంట, నోటి మూలల్లో పుళ్ళు. పచ్చడి సంగతి అటుంచి, మజ్జిగన్నం తిన్నా కళ్ళనీళ్ళు తిరిగేవి. ఇంకేం, ఊరు ఊరంతా వైద్యులైపోయింది. వేడి చేసిందని ఒకరు సబ్జాగింజలు తాగించారు. బొడ్డులో ఆముదం వేసుకుని పడుకోమని డోలు రంగయ్య చెప్పాడు. లుంగీలు పాడయ్యాయి కాని పెదాలు బాగుపడలేదు. పేటలో డాక్టరమ్మ బలానికి బిళ్ళలు రాసి, "పెదాలు నాలుకతో తడుపుకోకండి, ఇంకా ఎండుతాయి. పైన ఏమైనా రాస్తున్నారా?" అని అడిగింది.

"వెన్నేనమ్మా. ఇంట్లో చిలికిందే."

"మంచిదే, రాయండి" అంది.

ఇంటి వెన్నను ఎవరు అనుమానిస్తారు? నేనైతే ఉబ్బితబ్బిబ్బయ్యాను. మంట పెరిగినకొద్దీ నాగూరు నా మూత మరింత తరచుగా తీసేవాడు. నేనే లేకపోతే ఈ మనిషి ఏమైపోయేవాడో అని జాలిపడేదాన్ని. పుళ్ళు మానతాయని సైదమ్మ వెన్నలో పసుపు కలిపి ఇవ్వసాగింది. ఆ పసుపురంగులో ఇంకే రంగు కలిసినా కనబడదని ఆ పిచ్చితల్లికేం తెలుసు!

మాఘమాసంలో ఒక పెళ్ళిలో సరిగ్గా తాళి కట్టే వేళకు నాగూరు పెదవి చిట్లి, సన్నాయి కీచుమంది. ఆ కబురు నాగూరుకంటే ముందు ఊరు చేరింది. గుడి ధర్మకర్త రత్తయ్య వచ్చి అరుగుమీద కూర్చున్నాడు.

"మీ నాయన వాయిస్తుంటే యిన్నోణ్ణి నాగూరూ, నా నోటితో అనకూడదు. కానీ పుస్తె కట్టేటప్పుడు సన్నాయి ఆగితే ఊరికి అరిష్టమంటారు జనం. నీవల్ల కాదంటే ఇప్పుడే చెప్పు, పేట నుంచి బాండుమేళాన్ని పిలుస్తాం."

"ఈ ఒక్క నవమికి నాకొదిలెయ్ బాబాయ్" అన్నాడు నాగూరు. "ఆగిందా, మళ్ళా నేను గుడి మెట్టెక్కను."

రత్తయ్య వెళ్ళాక నాగూరు నన్ను గుప్పిట్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. మూత తీసి మరోసారి వెన్న రాసుకున్నాడు. భయపడకు, నేనున్నాను కదా అని చెప్పాలనిపించింది. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

నవమికి తలంబ్రాలు కలపడానికి ఆ ఊళ్ళో ఇంటింటి నుంచి పసుపు వెళుతుంది. సైదమ్మ డబ్బా దులిపి మరీ ఇచ్చేసింది. అందుకని నవమి ముందురోజు సాయంత్రం నాగూరు నాలో పెట్టింది పసుపు కలపని తెల్లటి వెన్న.

పందిట్లో జనం కిటకిటలాడుతున్నారు. జీలకర్ర బెల్లం అయింది. తెల్లారకముందు చీకట్లో రాసుకున్న వెన్న ఎప్పుడో ఆరిపోయి, అప్పటికే నాగూరు కింది పెదవి నెత్తురు కక్కుతోంది. పుస్తెకు ఇంకాస్త వ్యవధి ఉంది. సన్నాయిని ఒడిలో పెట్టుకుని, కండువాతో పెదవి నొక్కిపట్టి, పక్కనే ఉన్న సైదమ్మతో, "వెన్న తియ్యి" అని సైగ చేశాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె నా మూత తీయడం అదే మొదలు.

తీసింది. చూసింది. తెల్లటి వెన్న అంచు చుట్టూ ఆకుపచ్చగా తిరిగిపోయి ఉంది. వేలితో గీరితే కింద ఇంకా చిక్కగా ఉంది.

"ఓరి నాయనో! కిలుం!" అని అరిచింది. రంగయ్య డోలుమీద చెయ్యి ఆగిపోయింది. "దీనికి కళాయేదయ్యా? ఉత్త ఇత్తడి! ఇన్నాళ్ళూ కిలుం పూసుకుంటున్నావయ్యా నోటికి!"

నాగూరు నావైపు చూశాడు. "నాయన భరిణె సైదా" అన్నాడు. 

నేనా? కొరివి పెట్టినట్టు వాడి నోరు కాల్చింది నేనా? ముందు నమ్మలేదు. సైదమ్మకు కళ్ళు సరిగ్గా కనబడటం లేదనుకున్నాను. తరవాత నా కడుపులోకి నేనే చూసుకున్నాను. నేను బంగారమనుకుని మురిసినదంతా బోసి ఇత్తడి. మంట పుట్టించిందీ నేనే, మంటకు మందునని పొంగిపోయిందీ నేనే. ఆ ఊళ్ళో ఏ ఇల్లాలూ కళాయి పోయిన గిన్నెలో చారు కాచదు. అంత తెలిసిన ఊళ్ళో, తండ్రి వస్తువని, గిన్నె కాదు భరిణె అని, ఒక్కరూ నా లోపలికి తొంగి చూడలేదు. కాలూ చెయ్యీ ఉంటే ఆ పందిట్లోంచి పారిపోయేదాన్ని.

సైదమ్మ నన్ను పక్కన పడేసి, బిందెలో నీళ్ళతో నాగూరు పెదాలు మూడుసార్లు కడిగి కొంగుతో అద్దింది. పీటలమీద ఉన్న పూజారిగారు అంతా చూస్తూనే ఉన్నారు. నైవేద్యానికి అరిటాకులో ఉంచిన వెన్నముద్దలోంచి కాస్త తుంచి రంగయ్య చేతికిచ్చి పంపారు.

నాగూరు బెదిరిపోయాడు. "సామీ, ఇంకా దేవుడికి పెట్టలేదు గదా!"

"ముందు నువ్వు రాసుకోవయ్యా" అన్నారాయన. "రాముడు ఆగుతాడు, ముహూర్తం ఆగదు."

నాగూరు రాసుకున్నాడు. సన్నాయి పీక నోట్లో పెట్టుకున్నాడు. నెప్పి తగ్గిందని చెప్పను, ఒక్క వేలెడు వెన్నతో అన్నాళ్ళ పుండు మానదు. కాని పుస్తె ఎత్తి చూపించి, కట్టి, తలంబ్రాలు పోసేదాకా సన్నాయి ఒక్క క్షణం ఆగలేదు. రత్తయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. చాపమీద బోర్లాపడి నేనూ విన్నాను. అంత బాగా వాయించడం అంతకుముందు వినలేదు.

ఆ తరవాత నాగూరు పెదాలకు గాజుగిన్నెలోని నెయ్యి తప్ప మరేదీ తగలలేదు. వైశాఖం వచ్చేసరికి పుళ్ళు మానాయి, పగుళ్ళు పూడాయి. గూట్లో కూర్చుని వాడి సాధన వింటూ సంతోషించాను, ఏడ్చాను. నేను లేకపోవడమే వాడికి మందయింది.

నన్ను పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యమని సైదమ్మ పోరింది. నాగూరు ఒప్పుకోలేదు. చివరికి నాలో పిన్నీసులు వేశారు. పోనీలే, ఇక నా మూలంగా ఎవరి నోటికీ హాని లేదని ఊపిరి పీల్చుకున్నాను.

మొన్న ఇద్దరూ పెళ్ళికి బయలుదేరుతున్నారు. సైదమ్మ కుచ్చిళ్ళు పోసుకుంటూ, చేతులు ఖాళీ లేక, నాలోంచి ఒక పిన్నీసు తీసి పెదాల మధ్య పెట్టుకుంది. నా ప్రాణం ఎగిరిపోయింది. అయ్యో తల్లీ, ఆడవాళ్ళందరికీ ఈ అలవాటుందని మరిచేపోయాను!

నాగూరు సన్నాయి కింద పెట్టి ఒక్క అంగలో వచ్చాడు. ఆ పిన్నీసు లాగేసి, తన కండువాతో ఆమె పెదాలు తుడిచి, పమిటకు తనే పెట్టాడు.

"పొడి పిన్నీసుకే ఇంత భయమా? అదీ మీ నాయన భరిణెలోది, ఏమైద్దయ్యా?" అని నవ్వింది సైదమ్మ.

"అట్టా అనుకునేగా నేను..." అన్నాడు నాగూరు. నన్ను చేతిలోకి తీసుకున్నాడు. పిన్నీసులు ఒక పక్కకు జరిపి, లోపలికి తొంగి చూసి, మెల్లగా మూత పెట్టాడు.