శత్రువు ఏమంటోంది?

వదినా మరదళ్ళిద్దరూ లెక్కల మనుషులే కావడం ఆ ఇంటి అదృష్టమో గ్రహచారమో చెప్పడం కష్టం. ఇద్దరూ ముందు యూనివర్సిటీలో ఒకే లెక్కల విభాగంలో స్నేహితురాళ్ళు. వదిన తమ్ముడు ఒకరోజు అక్కను ఇంటికి తీసుకెళ్ళడానికని వచ్చి, ఆ స్నేహితురాలి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. తర్వాతి కథ ఊహించుకోవచ్చు. వదినది పర్మనెంటు ఉద్యోగం. మరదలిది ఏటేటా పొడిగించేది. ఈసారి పొడిగింపు లేదని తేల్చి చెప్పేశారు. ఈ రోజు ఇచ్చే ఉపన్యాసం ఎంపిక కమిటీకి నచ్చితే పర్మనెంటు, నచ్చకపోతే ఇంటికి.

ఇద్దరూ కలిసి పనిచేయడానికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకరు బోర్డు దగ్గర రుజువు చెబుతుంటే రెండోవారు కుర్చీలో శత్రువై కూర్చోవాలి. చెప్పిన దేన్నీ నమ్మకపోవడమే శత్రువు పని. "ఆడపడుచువి కదా వదినా, ఈ పని నీకు పుట్టుకతోనే వచ్చుంటుంది" అని మరదలు మొదటి రోజే ఏడిపించింది. ఒక్కో మెట్టు కాగానే "శత్రువు ఏమంటోంది?" అని అడగాలి. "సరే" అంటే ముందుకు, లేదంటే చెరిపేయడమే. ఇంట్లో ఎన్ని మూతివిరుపులున్నా బోర్డు దగ్గర మాత్రం అలకలు చెల్లవు.

ఇప్పుడు హాల్లో ముందు వరుసలో కూర్చున్న వదిన మురిసి ముక్కలవుతోంది. మరదలు అంత బాగా చెబుతోంది మరి. బోర్డు మీద చుక్కలు పెట్టి, కొన్నిటి మధ్య గీతలు గీసింది.

"ఒక్కో చుక్కా ఒక్కో అక్షరం. అక్షరాలు వరసగా పేరిస్తే మాట. రెండిటి మధ్య గీత ఉంటే అవి చోట్లు మార్చుకోవచ్చు. లేకపోతే ఉన్న వరసలోనే ఉండాలి. ఇంతేనండీ, ఈ గ్రాఫులోంచి ఒక అనంతమైన సమూహం పుట్టింది. ఇప్పుడు ఒక మాటకి ముందు ఇంకో మాటని, వెనక దాన్ని రద్దు చేసే విరుగుడుని తగిలించండి. వచ్చేది మొదటి మాటకి సంయుగ్మం. మేం చుట్టం అంటాం. తగిలించిన మాట మధ్యవర్తి."

కమిటీలో ఎవరో నవ్వారు. ఏ ఉపన్యాసంలోనైనా రెండో నిమిషానికల్లా నిద్రలోకి జారుకునే కునుకు మాస్టారు అప్పటికే తల వాల్చేశారు.

"రెండు మాటలు చుట్టాలు కావనుకోండి. ఆ సంగతి తేల్చడానికి అనంతమంతా గాలించక్కర్లేదు. సమూహానికి పరిమితమైన నీడలుంటాయి. వాటిలో ఏదో ఒకదాంట్లో అవి చుట్టాలు కావని కనబడి తీరుతుంది. మా ఫలితం ఇదే. ముందు గ్రాఫులోంచి పుట్టిన ఈ పెద్ద సమూహానికి ఆ గుణం ఉందని చూపించాం. మనక్కావాల్సింది దాని లోపలున్న ఉపసమూహం. పెద్దదానికున్న గుణం చిన్నదానికీ వస్తుంది."

ఆ వాక్యం కింద మరదలు గీత గీసింది. వదిన అలవాటుగా తల ఊపింది. సగం ఊపిన తల అక్కడే ఆగిపోయింది.

ఎందుకొస్తుంది?

ఉపసమూహం లోపల చుట్టాలు కాని రెండు మాటలకు దాని బయట మధ్యవర్తి ఉంటే? అప్పుడవి పెద్ద సమూహంలో చుట్టాలే. ఇక దాని నీడలన్నీ వెతికినా వాటిని విడదీయడం కుదరదు. రెండు మాటలు వేరువేరని మాత్రమే చూపాల్సి వస్తే పెద్దదాని గుణాన్ని చిన్నదానికి కళ్ళు మూసుకుని దించేయొచ్చు. ఏళ్ళ తరబడి అలా దించీ దించీ ఇద్దరికీ చెయ్యి అలవాటు పడిపోయింది. పైగా ఆ మెట్టు రాసిన రోజు రుజువు చివరికొచ్చేసిందన్న సంబరంలో ఇద్దరూ బోర్డు దగ్గరే నిలబడ్డారు. శత్రువు కుర్చీలో ఎవరూ లేరు.

వదిన చుట్టూ చూసింది. కమిటీలో ఎవరూ పసిగట్టలేదు. నోరు మూసుకుంటే గండం గడిచిపోతుంది. సాయంత్రం ఇంటికెళ్ళి ఇద్దరూ కూర్చుని ఎలాగో అతుకు వేయొచ్చు. చిన్న అబద్ధం కూడా కాదు, ఊరికే కూర్చోవడమే కదా అని మనసుకు సర్దిచెప్పుకుంటోంది.

అప్పుడు మరదలు ఇటు తిరిగి నవ్వింది. "మా ఇంట్లో ఒక పద్ధతుందండీ. వదినా, శత్రువు ఏమంటోంది?"

హాలంతా నవ్వులు. "సరే" అన్న మాట వదిన నాలిక చివరిదాకా వచ్చింది. పెదవులు కూడా కదిలాయి. బయటికి వచ్చింది మాత్రం వేరే మాట.

"ఆ మెట్టు నిలవదు. మధ్యవర్తి బయటుంటే?"

నవ్వులు టక్కున ఆగాయి. ఆ నిశ్శబ్దానికి కునుకు మాస్టారు ఉలిక్కిపడి లేచారు. మరదలి మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. తన నోటితో తను ఏం చేసిందో అర్థమై వదిన కొయ్యబారిపోయింది.

"అంటే ఫలితం తప్పా అమ్మా?" అన్నారు కమిటీ పెద్దాయన.

"తప్పో ఒప్పో తెలీదండీ. రుజువు మాత్రం లేదు" అని మరదలు చాక్‌పీసు పెట్టేసింది. పెద్దాయన తోటివాళ్ళ వంక చూసి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. మిగతావాళ్ళు కాగితాలు సర్దుకోసాగారు.

బయట వరండాలో, మంచినీళ్ళ కుళాయి దగ్గర వదిన మరదల్ని అందుకుంది.

"నన్ను తిట్టవే. రెండు దెబ్బలేసినా సరే."

"నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు గీత గీస్తున్నప్పుడు. ఒట్టే. ముందే తెలిస్తే చెప్పకుండా ఉంటానా?"

మరదలు కుళాయి కట్టేసింది. "నాకు నిన్న సాయంత్రమే తెలిసింది."

వదిన నిలువునా నీరైపోయింది. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఇవాళ ఉపన్యాసం ఉండేది కాదుగా."

"సరే, దాచావు. అందరి ముందూ నన్నెందుకడిగావే? అడక్కపోతే ఉద్యోగం వచ్చేసేదిగా!"

"ఒక్కదాన్నే మొయ్యలేకపోయాను వదినా. నువ్వు సరే అంటే తప్పు ఇద్దరిదీ అవుతుందనుకున్నాను. నా కోసమైనా అంటావనుకున్నాను."

"అనబోయానే" అంది వదిన. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తెలుసు. నీ పెదాలు కదలడం చూశాను" అంది మరదలు. "నిజంగా అనేస్తావేమోనని అప్పుడు భయమేసింది."