చీపురుతో తరిమిన దయ్యం

దోహాలోని మా తెలుగు కవితల వాట్సాప్ గ్రూపులో ఒక పద్ధతి ఉంది. ఎవరు కవిత పెట్టినా, చదివినవాళ్లు రెండు పాదాలు జోడించి జవాబివ్వాలి. ఈసారి నేనిచ్చిన అంశం హాలోవీన్.

పెర్సిస్ కవితలో ఒక దయ్యం వంటింట్లోకి వచ్చి, చేపల పులుసు రుచి చూసి, ఉప్పు తగ్గిందని గొణుగుతుంది. అందరం నవ్వుకున్నాం. నేనైతే ఆ దయ్యాన్ని చీపురు తిరగేసి తరిమినట్టు రెండు పాదాలు రాశాను. గ్రూపంతా చప్పట్ల బొమ్మలు. కాసేపటికి పెర్సిస్ తన కవితను తీసేసింది.

ఫోన్ చేశాను. "ఏమైంది పెర్సిస్? కవిత మస్తుగ ఉండె కదా."

"ఏం లేదు అరుంధతక్కా. ఆ కవితలో వచ్చింది మా అమ్మండి. పోయినేడు చనిపోయింది. ఎల్లుండి మా ఊళ్లో సమాధుల పండగ. అందరూ తమవాళ్ల సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తారు. నాకు కంపెనీలో సెలవు దొరకలేదు. అందుకని అమ్మనే ఇక్కడికి పిలుచుకున్నాను."

"మరి దయ్యమని ఎందుకు రాసినవ్?"

"మీరిచ్చిన అంశం అదే కదండీ."

"పులుసుల నిజంగనే ఉప్పు తక్కువైందా?" అని అడిగాను.

"నేనెప్పుడూ తక్కువే వేస్తానండి. అమ్మది రోజూ అదే గొడవ," అంటూ పెర్సిస్ కొంచెం నవ్వింది.

కవిత మళ్లీ పెట్టమన్నాను. పెట్టింది. ఈసారి దాని కింద ఇలా రాశాను:

చీపురు మూలన పెట్టాను, కూర్చో పెద్దమ్మా,
ఉప్పు డబ్బా నీ చేతికే ఇస్తాను.

దానికి ఎవరూ చప్పట్లు పెట్టలేదు. పెర్సిస్ మాత్రం, "అమ్మ ఎక్కువేసేస్తుందండి, చూసుకోండి" అని రాసింది.