ఐసుపెట్టెలో మైనపు బిళ్ళ

నేను ఒక మైనపు బిళ్ళను. అగ్గిపెట్టె కంటే కాస్త చిన్నగా ఉంటాను. నన్ను చూసి అరిగిపోయిన సబ్బు అనుకునేవాళ్ళే ఎక్కువ. కాని నా కడుపులో ఉన్నది పోలమ్మ థైరాయిడ్ ముక్క. మైనంలో పడకముందు నలభై ఆరేళ్ళు నేను ఆమె మెడలోనే కాపురమున్నాను. నా పైవాటాలో ఆమె గొంతు ఉండేది.

ఆ గొంతు గురించి చెప్పాలి. విశాఖ చేపల రేవులో పొద్దున్నే వేలం పాడేది పోలమ్మే. ఆమె ఒక్క కేక వేస్తే కొనేవాడి చెయ్యి తనంతట తానే లేచేది. అంత మంచి పొరుగును పెట్టుకుని కూడా నేను బుద్ధిగా ఉండలేదు, గడ్డ కట్టాను. సూదితో గుచ్చి పరీక్ష చేస్తే క్యాన్సర్ కావచ్చు, కాకపోవచ్చు అని వచ్చింది. ఆ మాత్రం మా వీధి సోదెమ్మ కూడా చెప్పేది. చివరికి థైరాయిడ్ సగం కోసి, నన్ను మందునీళ్ళలో ఊరబెట్టి, మైనంలో ముంచి, ప్లాస్టిక్ చట్రానికి అతికించారు. అంచున పెన్సిల్‌తో నంబరు వేశారు. మా దగ్గర పెన్ను పనికిరాదు, స్పిరిట్ తగిలితే సిరా కొట్టుకుపోతుంది.

క్యాన్సరే అని తేలింది. ఇక తేలవలసింది అది సాధువా, రౌడీనా అని. సాధువైతే ఇంతటితో సరి. రౌడీ అయితే మిగతా సగమూ తీసెయ్యాలి, కత్తి మళ్ళీ మాట పలికించే గొంతు నరం పక్కనుంచే పోవాలి. ఆ సంగతి నా జన్యువులు చెప్పాలట. ముఖ్యంగా రెండుచోట్ల మార్పు ఉందేమో చూస్తారు. ఒక్కచోటే ఉంటే కనిపెట్టుకుని ఉండొచ్చు, రెండూ జతకడితే ప్రమాదం. డాక్టర్ శశిరేఖ ఇదంతా ఓపిగ్గా చెప్పారు.

పోలమ్మ విని, "నాను బతుకుతానా లేదా తరవాత సూద్దాం డాక్టరమ్మా. నా గొంతుంటాదా పోతాదా, అది సెప్పు," అంది.

డాక్టరమ్మ జన్యు పరీక్ష కోసం ల్యాబుకు ఉత్తరం రాశారు. జవాబు చెప్పవలసింది నేనే. నాకు మొదటిసారి భయం వేసింది.

నన్ను హైదరాబాదు ల్యాబుకు చేర్చే పని ఆమె భర్త ఎల్లాజీ మీద పడింది. పాడవకుండా తీసుకెళ్ళమన్నారు. చేపలవాళ్ళకు ఆ మాటకు అర్థం ఒక్కటే. థర్మాకోల్ పెట్టెలో కింద ఐసు, మధ్యలో నేను, పైన ఐసు. మొన్నటిదాకా అందులో వంజరం చేపలు తిరిగాయి. రైలు దిగేసరికి ఐసు కరిగి, నా పక్కన పెట్టిన డాక్టరమ్మ ఉత్తరం నీలిమందు నీళ్ళయింది.

కౌంటర్లో గుమస్తా ముక్కు మూసుకుని, ఎవరిదో తెలియని బిళ్ళను తీసుకోవడం కుదరదన్నాడు.

"పాడవకూడదని సెప్పినారు బాబూ. మాకాడ ఐసు తప్ప ఏటుంటాది?" అని ఎల్లాజీ తల దించుకున్నాడు.

అంతలో టెక్నీషియన్ మృదుల వచ్చి నన్ను తుడిచి తిప్పి చూసింది. పెన్సిల్ నంబరు చెక్కుచెదరలేదు. ఆసుపత్రికి ఫోన్ చేసి సరిచూసుకుంది. పైగా నవ్వి, మైనం పల్చగా తెగాలంటే తామూ ముందు ఐసు మీదే పెడతామని చెప్పింది. గుమస్తా ముక్కు వదిలాడు.

నన్ను ఉల్లిపొరల కంటే పల్చగా కోశారు. పదిరోజులకు రిపోర్టు వచ్చింది. ఒక్కచోటే మార్పు. మిగతా వివరాలన్నీ కలిపి చూసి, రెండో ఆపరేషన్ వద్దు, ఆరునెలలకోసారి పరీక్షకు వస్తే చాలన్నారు డాక్టరమ్మ. అంటే నేను రౌడీని కాను, ఉత్త అల్లరివాణ్ణి.

ఇప్పుడు విశాఖకు తిరిగొచ్చి, ఆసుపత్రి బీరువాలో వేల బిళ్ళల మధ్య ఉన్నాను. చేపవాసన వల్ల ఎవరూ నాతో పెద్దగా మాట్లాడరు. నిన్న పోలమ్మ పరీక్షకు వచ్చింది. ఎవరో వరస తప్పి ముందుకు దూరినట్టున్నారు. నాలుగు గోడలు దాటుకుని ఓ కేక వచ్చింది.

"ఏటయ్యా, మెడ నీకొక్కడికే ఉందేటి? మాకు లేదేటి?"

బీరువా తలుపు అదిరింది. ఎవరావిడ అని పక్క బిళ్ళ అడిగింది.

మా పైవాటావిడ అన్నాను.